శంకుస్థాపన ఒక్కరోజు, పైకప్పు ముప్పయ్యేళ్లు

2025 జులై 25 ఉదయం రాజస్థాన్‌లోని ఝలావర్ జిల్లా పిప్లోది గ్రామంలో ప్రభుత్వ పాఠశాల కట్టడం కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. ఆ వెంటనే కేంద్ర విద్యాశాఖ బడులన్నిటిలో భద్రతా తనిఖీ జరపాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఆ వార్త చదివి మనమందరం బాధపడ్డాము, ప్రార్థించాము. అయితే ప్రార్థన ముగిశాక మన సంఘాలు నడిపే బడుల పైకప్పుల వంక ఎందరం తలెత్తి చూశాము?

మన కమిటీల్లో బడి కట్టడం గురించి తీర్మానం ఎలా జరుగుతుందో పాఠకులకు తెలిసిందే. మూడు కొటేషన్లు తెప్పిస్తారు, తక్కువ వేసినవారికి పని అప్పగిస్తారు, మినిట్స్‌లో సంతకాలు చేస్తారు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. విధవరాలి కానుక, కూలి చేసుకునేవారి దశమభాగం కలిసిన డబ్బు గనుక పొదుపుగా వాడాలన్న భయం మంచిదే. పొరపాటల్లా కొటేషన్‌లోని అంకెనే ధర అనుకోవడంలో ఉంది. అది మొదటి వాయిదా మాత్రమే. మరమ్మతు, రంగులు, కరెంటు బిల్లు, మార్పిడి, చివరికి పడగొట్టే ఖర్చు మిగిలిన వాయిదాలు. వాటిని కట్టేది ఈ కమిటీ కాదు, రాబోయే కమిటీలు.

ఈ పొరపాటు పేద దేశాలదే కాదు. ఇంగ్లండులో 1950ల నుండి బడులకు, ఆసుపత్రులకు గాలిబుడగలతో తయారైన తేలికరకం కాంక్రీటు పలకలను పైకప్పుగా వేశారు. చవక, తేలిక, పని త్వరగా అవుతుంది. వాటి ఆయుష్షు సుమారు ముప్పయ్యేళ్లని తర్వాత తేలింది. గడువు దాటినా చాలాచోట్ల మార్చలేదు. 2023 ఆగస్టు 31న, సెలవులు ముగిసి బడులు తెరవబోతుండగా, వందకు పైగా బడుల్లో ఆ కట్టడాలను మూసివేయమని ప్రభుత్వం ఆదేశించింది. తాతలు మిగిల్చిన డబ్బుకు మనవలు గుడారాల్లో, తాత్కాలిక గదుల్లో కూర్చొని బాకీ తీర్చారు.

మన దగ్గరి లెక్క ఒకటి వేసి చూద్దాం. ఈ అంకెలు విషయం అర్థం కావడానికి మేము అనుకున్నవే, మీ ఊరి ధరలు మీరు వేసుకోండి. రెండు తరగతి గదులకు రేకుల కప్పుతో 4 లక్షలు, స్లాబుతో 8 లక్షలు అనుకుందాం. రేకులకు పదిహేనో ఏట మార్పిడి 2 లక్షలు, కారే చోట్లకూ గాలివానకు లేచిపోయినవాటికీ ఏటా 10 వేల చొప్పున ముప్పయ్యేళ్లకు 3 లక్షలు. మొత్తం 9 లక్షలు. స్లాబుకు ఐదేళ్లకోసారి వాటర్‌ప్రూఫింగ్‌కు 25 వేల చొప్పున ఐదుసార్లు అంటే లక్షా పాతిక వేలు. మొత్తం 9 లక్షల 25 వేలు. మొదటిరోజు రెండింతలున్న తేడా ముప్పయ్యేళ్లకు పాతిక వేలైంది. అప్పటికి రేకులు మళ్లీ మార్చాలి. స్లాబు ఇంకా నిలిచి ఉంటుంది, పునాది ముందే అందుకు తగ్గట్టు వేస్తే పైన మరో అంతస్తు లేస్తుంది.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. నేటి రూపాయి, ఇరవై ఏళ్ల తర్వాతి రూపాయి ఒకటి కాదు. మిగిలిన 4 లక్షలు బ్యాంకులో వేస్తే వడ్డీ వస్తుంది కదా అనవచ్చు. నిజమే, రూపాయల్లో చూస్తే రేకులే నెగ్గవచ్చు. కానీ ఆ డబ్బు బ్యాంకుకు వెళ్లడం మేము అరుదుగా చూశాము. ముఖద్వారం ఆర్చికీ శిలాఫలకానికీ వెళ్లడం తరచుగా చూశాము.

పైగా లెక్కల పుస్తకానికి ఎక్కని ఖర్చులు కొన్ని ఉన్నాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో రేకుల కింద కూర్చున్న బిడ్డ తల వాల్చేస్తుంది. జులైలో వాన పడితే టీచరు గొంతు రెండో బెంచీ దాటదు. ఇక పాత సిమెంటు రేకుల్లో ఉండే ఆస్‌బెస్టాస్ క్యాన్సర్‌కు కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. ఆ రేకులు పగిలినప్పుడు, కోసినప్పుడు, దించినప్పుడు లేచే దుమ్ము ప్రమాదం. వాటిని జాగ్రత్తగా తొలగించే ఖర్చు కూడా వాటి ధరలోనిదే.

అలాగని స్లాబు పేరు వినగానే నిశ్చింతగా ఉండరాదు. ఉప్పుగాలి తగిలే తీరప్రాంతంలో నాసిరకం స్లాబు రేకులకన్నా ప్రమాదకరం. ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతుంది, కాంక్రీటు పెచ్చులుగా పిల్లల మీద రాలుతుంది. అందుకే భారత ప్రమాణం ఐఎస్ 456, తీరపు గాలికి నేరుగా గురయ్యే కాంక్రీటు ఎం30 కన్నా తగ్గరాదని, ఇనుము మీద 45 మిల్లీమీటర్ల కవరింగు ఉండాలని చెబుతుంది. ఇప్పుడు ఎక్కువగా దొరికే పీపీసీ సిమెంటుకు కనీసం పది రోజులు తడపాలంటుంది. ఉప్పునీటితో కలపకపోవడం, పది రోజులు తడపడం పెద్ద ఖర్చులు కావు. వీటికి కావలసింది దగ్గరుండి చూసే మనిషి.

నేల విషయమూ అంతే. నున్నగా మెరిసే టైల్స్ ప్రతిష్ఠ రోజు ఫొటోకు బాగుంటాయి. వానకాలంలో పిల్లలు వాటిమీద జారతారు, ఒకటి పగిలితే ఆ రంగు మళ్లీ దొరకదు. తాండూరు బండ, బేతంచెర్ల బండ మన దగ్గరివే. అరిగినా మళ్లీ పాలిష్ పట్టించుకోవచ్చు.

ఎంత మంచి సామగ్రి అయినా దానంతట అది నిలవదు. వందేళ్లు దాటిన మిషన్ కట్టడాలు కొన్ని నేటికీ తరగతి గదులుగా నిలిచాయి. గోడల మందమూ సున్నమూ మాత్రమే వాటిని కాపాడలేదు. ఎవరో ఒకరు ఏటా వానకు ముందు తూములు శుభ్రం చేశారు, గోడ పగులులో మొలిచిన రావిమొక్కను వేలెడంత ఉండగానే పీకేశారు. రాజైన యోవాషు దినాల్లో మందిరపు మరమ్మతుకు డబ్బు వస్తూనే ఉన్నా ఇరవై మూడో ఏటివరకు పని జరగలేదు. అప్పుడు యాజకుడైన యెహోయాదా పెట్టె మూతకు బెజ్జం చేసి బలిపీఠం పక్కన ఉంచాడు. మరమ్మతు సొమ్ముకు వేరే పెట్టె ఏర్పడిన తర్వాతే వడ్రంగులకు, కాసెపనివారికి కూలి అందింది.

అప్పుచేసి స్లాబు వేయమని మేము చెప్పడం లేదు. రెండు గదులు బలహీనంగా కట్టే బదులు ఈ ఏడు ఒకటి బలంగా కట్టి, వచ్చే ఏడు రెండోదానికి పూనుకోవడంలో చిన్నతనమేమీ లేదు. ఇప్పటికే రేకులున్నవారు వాటిమీద తెల్లటి కూల్ పెయింట్ వేయించినా గది వేడి తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పులకు ప్రత్యేక విధానమే ప్రకటించింది.

కమిటీలను మేము కోరేది మూడు. కొటేషన్ అడిగేటప్పుడే ముప్పయ్యేళ్ల ఖర్చు పట్టిక కూడా అడగండి. కట్టే ఖర్చులో కొంత భాగాన్ని మొదటిరోజే మరమ్మతు నిధిగా వేరే ఖాతాలో వేసి, దాన్ని మరే పనికీ వాడబోమని తీర్మానించండి. ఏటా మే నెలలో, బడి తెరవకముందే, కట్టడంతో సంబంధంలేని ఒక ఇంజినీరును నిచ్చెన ఎక్కించి పైకప్పు చూపించండి. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుండి లెక్క చూసుకుంటాడని ప్రభువు చెప్పిన మాట పునాదికే కాదు, ముప్పయ్యో ఏటి వానకూ వర్తిస్తుంది.

శిలాఫలకం మీద మన పేర్లు ఉంటాయి. పైకప్పు కింద మాత్రం మనకు పేరు తెలియని పిల్లలు కూర్చుంటారు. ఈ ఆదివారం ఆరాధన ముగిశాక పెద్దలు ఒక్కసారి బడివైపు నడిచి, తలెత్తి చూడండి.