ఎండిన బావి ఖాళీ గడి కాదు

పోయిన సెమిస్టర్‌లో మా మినీ ప్రాజెక్టు భూగర్భ జలాల మీద. టాపిక్ నేనే పట్టుబట్టి పెట్టించాను. మా బ్యాచ్‌లో మిగతా ముగ్గురిదీ "ఏదైనా పర్లేదు మామా, డేటా దొరికితే చాలు" అనే ధోరణి. డేటా దొరికింది. పరిశీలక బావుల్లో ఏడాదికి నాలుగుసార్లు కొలిచిన నీటిమట్టాలు. ఫైలు తెరిస్తే బోలెడు గడులు ఖాళీ. అప్పుడేం చేస్తాం? మనందరం చేసేదే చేశాం. డ్రాప్‌నా! ఒక్క లైను కోడ్‌తో ఖాళీ ఉన్న వరసలన్నీ మాయం. గ్రాఫ్ నున్నగా వచ్చింది, అక్యూరసీ పెరిగింది, రివ్యూలో మెచ్చుకున్నారు కూడా.

సంక్రాంతి సెలవుల్లో ఆ గ్రాఫ్ మా నాయనకు చూపించా. మాది కళ్యాణదుర్గం వైపు. మెట్ట పొలం, శెనక్కాయ పంట. మూడు బోర్లు వేసి, మూడూ పోగొట్టుకున్న ఇల్లు. ఫోన్‌ని కాస్త దూరంగా పట్టుకుని చూసి, "పైకి పోతా ఉందే గీత! నీళ్ళు పెరిగినాయా?" అన్నాడు. ఖాళీ గడుల సంగతి చెప్పా. వాటిల్లో ఎందుకు రాయలేదని అడిగాడు. కొన్ని కొలవకపోయి ఉండొచ్చు, కొన్ని బావులు ఎండిపోయి ఉండొచ్చు అన్నాను.

"ఎండిపోయినవి తీసేసి లెక్కేస్తే మన ఊర్లో ఎప్పుడూ కరువే రాలేదప్పా" అని నవ్వాడు.

ఆ నవ్వు నాకు బాగా తగిలింది. సెలవులు అయిపోయాక, కరువును లెక్కగట్టడమే బతుకుగా పెట్టుకున్నవాళ్ళు ఈ పని ఎలా చేస్తారో చదవడం మొదలుపెట్టా. అలా తగిలిన పేరు మాథ్యూ రొడెల్. నాసా గొడ్డార్డ్ కేంద్రంలో హైడ్రాలజిస్టు. ఆయన కెరీర్ గురించి మన కాలేజీలో ఎవరూ చెప్పరు, ఎందుకంటే ప్యాకేజీల జాబితాలో అది కనబడదు.

గ్రేస్ అని జంట ఉపగ్రహాలు ఉండేవి. 2002 మార్చిలో ఎగిరాయి. ముద్దుపేర్లు టామ్ అండ్ జెర్రీ, ఒకదాని వెనక ఒకటి సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో తిరిగేవి కాబట్టి. వాటిల్లో నేలను ఫొటో తీసే కెమెరా పని లేదు. కింద బరువు ఎక్కువున్న చోటికి వస్తుంటే ముందుది కాస్త ముందుకు లాగబడుతుంది, ఎడం పెరుగుతుంది. తర్వాత వెనకదీ అక్కడికి చేరుతుంది. ఆ ఎడంలో వచ్చే తేడాని మైక్రాన్ల లెక్కన, అంటే వెంట్రుక మందంలో కొన్ని పదుల వంతుల దాకా కొలుస్తాయి. నెలనెలా నేల బరువు ఎంత మారిందో దాన్నించి లెక్క తీస్తారు. నెలల్లో కొండలు పెరగవు కదా, కాబట్టి నేల మీద మారే బరువులో ఎక్కువ భాగం నీళ్ళే. వానాకాలంలో మన దేశం నిజంగానే బరువెక్కుతుంది!

నాకు నచ్చింది ఏంటంటే, ఈ ఉపగ్రహాలు ఎగరకముందే రొడెల్ వాటి మీద పీహెచ్‌డీ చేశాడు. టెక్సస్ యూనివర్సిటీలో, ఫామిగ్లియెట్టి దగ్గర. రేపు ఇలాంటి కొలత వస్తే నేలలోని నీటి మార్పు అందులో కనబడుతుందా, ఎంత పెద్ద ప్రాంతమైతే కనబడుతుంది, తప్పు ఎంత ఉంటుంది అని ముందే లెక్కలు వేసి కూర్చున్నాడు. రాకెట్ పేలిపోయి ఉంటే? అనే ప్రశ్న నాకు వచ్చింది. మనమైతే డేటాసెట్ డౌన్‌లోడ్ కాకపోతే టాపిక్ మార్చేస్తాం.

అయితే ఉపగ్రహం చెప్పేది మొత్తం బరువు మాత్రమే. చెరువులో నీళ్ళా, మట్టిలో తేమా, భూగర్భ జలమా అన్నది దానికి తెలీదు. ఇక్కడే ల్యాండ్ మోడల్ అవసరం. వాన, ఎండ, గాలి, ఉష్ణోగ్రత, నేల రకం, పైరు ఇవన్నీ ఇస్తే, మట్టిలో ఎంత తేమ మిగిలింది, ఎంత ఆవిరైంది, ఎంత పారిపోయింది అని కంప్యూటర్‌లో లెక్కగట్టే వ్యవస్థ. రొడెల్ బృందం ప్రపంచం మొత్తానికీ అలాంటిదొకటి కట్టి 2004లో పేపర్ వేసింది. పేరు జీఎల్‌డాస్. మా ఊరి భాషలో చెప్పాలంటే, మండీలో శెనక్కాయ మూట తూకం వేసి తేమకింత అని తరుగు తీస్తారే, అదే ఇది. గ్రేస్ మూట తూకం చెబుతుంది, మోడల్ తేమ తరుగు చెబుతుంది, తీసేయగా మిగిలింది భూగర్భ జలం. (మండీలో తరుగు ఎప్పుడూ రైతుకు వ్యతిరేకంగానే ఎక్కువ పోతుంది. ఇక్కడ ఆ బాధ లేదు.)

ఈ తీసివేతతోనే 2009లో ఆయన, వెలికోన్యా, ఫామిగ్లియెట్టి కలిసి నేచర్ పత్రికలో రాజస్థాన్, పంజాబ్, హర్యానాల లెక్క బయటపెట్టారు. 2002 ఆగస్టు నుంచి 2008 అక్టోబరు దాకా అక్కడ 109 ఘనపు కిలోమీటర్ల భూగర్భ జలం పోయింది. మన లెక్కలో సుమారు 3,850 టీఎంసీలు. ఇప్పుడు శ్రీశైలం రిజర్వాయర్ నిండితే 215 టీఎంసీలు, అలాంటివి పదిహేడు పైచిలుకు. ఆ ఏళ్ళలో అక్కడ వానలు దాదాపు మామూలుగానే పడ్డాయి. అంటే అది ఆకాశం చేసిన కరువు కాదు, మోటార్లు తోడింది. ఏ ఒక్క రైతుకీ తన బోరు దగ్గర నిలబడితే కనబడని మొత్తం అది. పైనుంచి చూస్తేనే తెలిసింది. ఇంకోటి, ఏడాదికి 17.7 అని చెప్పి ఊరుకోలేదు, పక్కనే ప్లస్ ఆర్ మైనస్ 4.5 అని రాశారు. తనకెంత తెలియదో కూడా అంకెలో చెప్పడం నాకు గొప్పగా అనిపించింది. మా ప్రాజెక్టు రిపోర్టులో అలాంటి గుర్తు ఒక్కటి కూడా లేదు.

సరే, ఇక మా వైపుకి వస్తా.

2017లో ఐఐటీ గాంధీనగర్ వాళ్ళు, విదేశీ పరిశోధకులతో కలిసి, ఇదే గ్రేస్‌నీ బావుల కొలతల్నీ వాడి దేశమంతటి లెక్క వేశారు. 2002 నుంచి 2013 వరకు ఉత్తరాన ఏడాదికి 2 సెంటీమీటర్ల చొప్పున భూగర్భ జలం తగ్గితే, దక్షిణాన ఏడాదికి 1 నుంచి 2 సెంటీమీటర్లు పెరిగిందట. మళ్ళీ చదివా. పెరిగింది. మా మూడు బోర్లలో రెండు పోయింది ఆ ఏళ్ళలోనే! మా నాయన రెండో బోరుకి కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని పాయింటు చూసేవాణ్ణి పిలిపించాడు, మూడోదానికి అమ్మ గాజులు పోయాయి. నీళ్ళు పెరుగుతున్న కాలంలో!

ఎవరు అబద్ధం? ఎవరూ కాదు, అదే విషయం. ఉపగ్రహం చూపు పెద్దది. అది నమ్మకంగా చెప్పగలిగేది లక్షల చదరపు కిలోమీటర్ల సంగతి. పాత అనంతపురం జిల్లా మొత్తం కలిపినా 19 వేలే. పైగా 2002 దేశమంతా కరువు ఏడాది, గీత అక్కడ మొదలైతే పైకే పోతుంది కదా. పంజాబ్‌లో ఉన్నది ఒండ్రు నేల, స్పాంజి లాగా నీళ్ళు పట్టుకుంటుంది. మాది గ్రానైటు బండ. పగుళ్ళలోనే నీళ్ళు. నా బోరుకి పగులు తగిలితే నీళ్ళు, యాభై అడుగుల అవతల మా చిన్నాయన బోరుకి దుమ్ము. ఈ దుమ్ముని సెంటీమీటర్ల సగటు ఎలా చెబుతుంది?

మరి బావుల లెక్క కూడా పైకే పోయిందే? దానికి జవాబు 2019లో వచ్చిన ఇంకో పేపర్‌లో దొరికింది. తేజస్వి హోరా, వీణా శ్రీనివాసన్, నందితా బసు దక్షిణ భారతంలో కనబడుతున్న ఈ 'కోలుకోవడం' మీదే అనుమానం పెట్టారు. ఎండిపోయిన బావిలో కొలవడానికి ఏమీ ఉండదు కాబట్టి గడి ఖాళీ. వరసగా కొలతలున్న బావుల్నే తీసుకుంటే ఎండినవి జాబితాలోంచి జారిపోతాయి. మిగిలినవి బతికినవి. బతికినవాళ్ళని మాత్రమే అడిగితే జబ్బు ప్రమాదకరం కాదనే చెబుతారు.

మా నాయన పేపర్ చదవకుండానే చెప్పిన మాట ఇదే! (ఇది మా గైడ్‌తో అంటే నవ్వి, "సైటేషన్ ఇవ్వు" అన్నారు.)

అందుకే నా అభిప్రాయం గట్టిగానే చెబుతా. ఉపగ్రహాలున్నాక ఊళ్ళకెళ్ళి బావులు కొలవడం పాతకాలపు పని అని క్లాసులో కొందరు అంటున్నారు, అది తప్పు. రొడెల్ లాంటివాళ్ళ పనిని గౌరవించడం అంటే ఆ మ్యాప్‌ని స్లైడ్‌లో అతికించడం కాదు. వాళ్ళు కూడా ఉపగ్రహం లెక్కని బావుల కొలతల పక్కన పెట్టి సరిచూసుకుంటారు. పైనుంచి వచ్చే అంకె ఎంత ఖరీదైనదైనా, దాన్ని పరీక్షించేది తాడుకి కట్టి బావిలోకి దింపిన టేపే. ఆ టేపు దింపే మనిషి ఒకరోజు రాకపోతే ఒక గడి ఖాళీ, బావి ఎండినా ఒక గడి ఖాళీ. రెంటికీ తేడా ఫైల్లో లేదు. ఇంతకంటే పెద్ద ఇంజనీరింగ్ సమస్య ఏముంది?

చేయలేనిదేం కాదు. ఒకప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురంతో సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే తమ బావుల మట్టాలూ వానా కొలుచుకుని, రబీకి ముందు కూర్చుని, ఉన్న నీళ్ళకి ఏ పంట ఎంత వేయాలో లెక్కేసుకున్నారు. రైతులే నడుపుకునే భూగర్భ జల వ్యవస్థల పథకం అది. చదువు అంతంతమాత్రం ఉన్నవాళ్ళు పట్టిక నింపగలిగితే, పైథాన్ వచ్చిన మనం పట్టికలో 'ఎండింది' అని ఒక కాలమ్ పెట్టలేమా? 12 మీటర్ల లోతు బావి ఎండిందంటే మట్టం తెలీదని కాదు, 12 మీటర్ల కంటే కిందుందని. అది సమాచారమే. స్టాటిస్టిక్స్‌లో దీనికి పద్ధతులున్నాయి, సిలబస్‌లో లేవు, అంతే.

మేం ప్రాజెక్టు మళ్ళీ చేశాం. బావి లోతు తెలిసిన చోట, వేసవిలో వరసగా ఖాళీ వచ్చిన గడుల్ని ఎండినవిగా అనుమానించి విడిగా పెట్టాం. అన్నీ ఎండినవే అని చెప్పలేం, అదీ రిపోర్టులో రాశాం. అక్యూరసీ పడిపోయింది. పైకి పోయే గీత దాదాపు చదునైంది. ఫైనల్ రివ్యూలో "ముందుదే బాగుంది కదా" అన్నారు ఒకరు.

మొన్న నాయన ఫోన్ చేసినప్పుడు అడిగాడు, మన బోర్లు ఉన్నాయా అందులో అని. లేవు. ప్రభుత్వ పరిశీలక బావులే ఉంటాయి, మనవి ఏ ఫైల్లోనూ లేవు అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒక్కోటీ చెప్పుకుంటూ పోయాడు, ఏ ఏడు వేశాం, ఎన్ని అడుగులకి తడి తగిలింది, ఏ నెలలో ఆగిపోయింది. రికార్డు బుక్కు ఆఖరి పేజీలో రాసుకున్నా. మూడోది 640 అడుగులు. తారీఖుతో సహా గుర్తుంది ఆయనకి.