కూలి అన్న ఒక్క మాట చాలదు

నౌపడ ఉప్పు మడులు, టెక్కలి గ్రానైట్ క్వారీలు, పలాస జీడి పరిశ్రమలు. ఈ ప్రాంతంలో ఒకే పని చేసి జీవితం వెళ్ళబుచ్చే కూలివాడు అరుదు. వానాకాలం ఊడ్పులు, ఆ తర్వాత కోతలు, నూర్పిళ్ళు. ఎండలు ముదిరితే ఉప్పు. అదీ లేకపోతే క్వారీలో డ్రిల్లు, క్రషర్ దగ్గర మోత. ఆడవాళ్ళకు జీడి పిక్కలు కొట్టే పని. ఇక్కడ గడవకపోతే విశాఖ, హైదరాబాదు, ఇంకా దూరం. ఇరవై ఏళ్ళలో పది చోట్ల పది రకాల దుమ్ము మింగిన మనిషి ఆయాసంతో ఆస్పత్రికి పోతే, ఆ బతుకంతా చీటీ మీద ఒక్క మాట అవుతుంది - "కూలి". చాలాసార్లు ఆ మాట కూడా రాయరు.

ఇదేదో గుమాస్తా పొరపాటు అనుకుంటే మోసపోతాము. ఇటలీ వైద్యుడు రమజ్జినీ 1700లోనే వృత్తి వ్యాధుల మీద గ్రంథం రాసి, రోగిని అడిగే ప్రశ్నల్లో "నీవేం పని చేస్తావు?" అన్నది కూడా చేర్చాలని వైద్యులకు చెప్పాడు. మూడు వందల ఏళ్ళు దాటినా ఆ ప్రశ్న మన పల్లె కూలివాడి దాకా రాలేదు.

ఆ ప్రశ్న ఎందుకు అవసరమో రాతి దుమ్మునే చూడండి. రాయిలోని సిలికా కంటికి కనబడని నలుసై ఊపిరితిత్తుల అడుగుకు పోయి అక్కడ మచ్చ కడుతుంది. అదే సిలికోసిస్. సాధారణంగా పదేళ్ళో ఇరవై ఏళ్ళో దుమ్ములో ఉన్నాక బయటపడుతుంది. దుమ్ము మరీ ఎక్కువైతే ఇంకా ముందే పట్టుకుంటుంది. క్వారీ మానేసినా జబ్బు ముదరడం మానదు. నయం చేసే మందు లేదు. ఎక్సురేలో చూస్తే క్షయలాగే ఉండవచ్చు. పైగా ఈ జబ్బు ఉన్నవాడికి క్షయ సులువుగా అంటుకుంటుంది. క్షయ మందులు క్షయను తగ్గిస్తాయి గాని రాతి మచ్చను చెరపలేవు. కనుక వైద్యుడు సిలికోసిస్ అని తేల్చాలంటే ఎక్సురే ఒక్కటే చాలదు. ఈ మనిషి ఏ దుమ్ములో, ఎన్నేళ్ళు పని చేశాడో తెలియాలి. "కూలి" అని రాసి ఉన్న చీటీ ఆ సంగతి చెప్పదు.

కార్మికుల పని చరిత్రను ఆన్‌లైన్‌లో సేకరించి ఊపిరితిత్తుల జబ్బుల మీద పరిశోధన చేసే పద్ధతి ఇప్పుడు వచ్చింది. బ్రిటన్‌లో అయిదు లక్షల మంది ఆరోగ్య వివరాలున్న పెద్ద పరిశోధనలో, 2015లో జనాన్ని జీవితంలో చేసిన పనులన్నీ వరుసగా చెప్పమని ఆన్‌లైన్‌లో అడిగారు. సుమారు 94 వేల మంది ఇచ్చిన వివరాల నుంచి 2019లో ఫలితాలు ప్రకటించారు. ఊపిరి గొట్టాలు మూసుకుపోయే జబ్బు ఆరు రకాల పనివాళ్ళలో ఎక్కువగా ఉందని తేలింది. రాయి చెక్కే శిల్పులు ఉన్న వర్గంతో పాటు తోటపనివాళ్ళు, ఆహార పదార్థాలు తయారుచేసేవాళ్ళు, వ్యవసాయం, చేపల వేటలో ఉన్నవాళ్ళు, గోదాముల్లో సరుకు మోసేవాళ్ళు అందులో ఉన్నారు. గనివాడికే ఊపిరి జబ్బు అనుకునేవాళ్ళు ఇది గమనించాలి. తోట, జీడి, వల, బస్తా - ఇవి మన ఉద్దానం పనులే.

మన దేశంలోనూ పని చరిత్ర ఏం సాధించిందో ఉదాహరణ ఉంది. మధ్యప్రదేశ్‌లోని అలిరాజ్‌పూర్, ఝాబువా, ధార్ జిల్లాల ఆదివాసులు వలస పోయి గుజరాత్‌లో గోధ్రా దగ్గర పలుగురాయి పొడి చేసే మిల్లుల్లో పని చేశారు. తిరిగి వచ్చి ఒకరి వెనుక ఒకరు చనిపోయారు. కార్మిక సంఘాలు ఊరూరా తిరిగి ఎవరు ఎక్కడ పని చేశారో రాశాయి. చివరకు 2016లో సుప్రీంకోర్టు, చనిపోయిన 238 మంది కుటుంబాలకు తలా 3 లక్షల రూపాయలు ఇవ్వాలని గుజరాత్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. రాజస్థాన్‌లో 2019 నుంచి ఒక విధానమే ఉంది. సిలికోసిస్ అని ధ్రువీకరిస్తే 3 లక్షలు, చనిపోతే కుటుంబానికి మరో 2 లక్షలు. పోరాడితే వచ్చినవే ఇవన్నీ.

చట్టం లేదా అంటే ఉంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నుంచి, 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల వరకు, సిలికోసిస్ కనబడితే ప్రభుత్వానికి తెలపాలనే ఉంది. నష్టపరిహారం ఇవ్వవలసిన వృత్తి వ్యాధుల జాబితాలోనూ ఉంది. కాని హాజరు పట్టీ లేని కూలివాడు, మేస్త్రీ పేరు తప్ప యజమాని పేరు తెలియని కూలివాడు, నేను ఫలానా చోట పని చేశానని దేనితో రుజువు చేస్తాడు?

అందుకే ఆన్‌లైన్ సేకరణను మేము కాదనడం లేదు. అయితే అది ఎవరి కోసం, ఎలా అన్నది తేలాలి. ఇంగ్లీషులో ఒక ఫారం పెట్టి, వృత్తి అన్న చోట ఒకే గడి ఇస్తే మన జనం అందులో పట్టరు. కొడుకు ఫోనులో తండ్రి పేరే ఎక్కుతుంది, పిక్కలు కొట్టిన తల్లి "గృహిణి" అయిపోతుంది. ఇంకో అనుభవం కూడా ఉంది. కిడ్నీ జబ్బు మీద ఉద్దానానికి ఎన్నో బృందాలు వచ్చాయి. రక్తం తీసుకున్నారు, నీళ్ళు తీసుకున్నారు. ఏం తేలిందో ఇచ్చినవాడికి వచ్చి చెప్పినవాళ్ళు తక్కువ. ఊపిరి విషయంలోనూ అదే జరగడానికి వీల్లేదు.

మేము అడిగేది ఇది. ఫారం తెలుగులో ఉండాలి. చదువురాని వాళ్ళ దగ్గర కూర్చుని రాసే మనిషి ఉండాలి. ఆడవాళ్ళను వేరుగా, వాళ్ళ నోటితోనే అడగాలి. రాసినదాని నకలు కార్మికుడి చేతికి ఇవ్వాలి. అతని అనుమతి లేకుండా పేరు యజమానికి చేరకూడదు. ఫలితం ఊళ్ళోకి వచ్చి చెప్పాలి.

అంతవరకు మనం చేతులు కట్టుకు కూర్చోనక్కర లేదు. ప్రతి సంఘ శాఖ ఒక నోటుపుస్తకం పెట్టాలి. "తాతా, ఏటి పని సేసినావు?" అంటే "కూలి, ఇంకేటి?" అంటాడు. అక్కడ ఆగవద్దు. డ్రిల్లు పట్టినావా? నీళ్ళు పోసి కొట్టేవారా, పొడిగానే కొట్టేవారా? ఏ ఊరు, ఏ మేస్త్రీ, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా? పక్కన ఎవరు పని చేశారు? అని అడగండి. ఏడు గుర్తు లేకపోతే 1999 తుపానుకు ముందా, 2018 తిత్లీకి తర్వాతా అని అడగండి, చెబుతాడు. అప్పకూ అలాగే: పిక్కలు కాల్చేచోటనా, కొట్టేచోటనా? పొగ బయటికి పోయే దారి ఉందా? పాత కూలి చీటీ, బస్సు పాసు, గుర్తింపు కార్డు ఏది దొరికినా దాచమనండి. సాక్షులుగా తోటి కూలీల సంతకాలు తీసుకోండి.

దుమ్ము పీల్చినవాడు బతికుండగానే ఈ చరిత్ర రాయాలి. అతను పోయాక ఆ కుటుంబం తరఫున మాట్లాడేది ఆ పుస్తకమే.