అమ్మమ్మ చెప్పిన యోసేపు కథ



గత నెలలో ఒక ఇంటికి ప్రార్థనకు వెళ్ళాము. మంచము మీద ముసలమ్మగారు ఒక్కరే కూర్చుని ఉన్నారు. మనుమలు ఎవరి ఫోను వారు చూచుకొనుచున్నారు. వారిని మందలించమని ఇంటివారు అడిగారు గాని మాకు నోరు రాలేదు. ఎందుకో చెబుతాము.

1988 వేసవి సెలవులకు మేము, తమ్ముడు, చెల్లి తెనాలి దగ్గర పల్లెలో ఉన్న అమ్మమ్మ ఇంటికి వెళ్ళాము. అమ్మమ్మకు చదువు రాదు. గుడిలో విన్న బైబిలు కథలను రాత్రి అన్నాలయ్యాక వాకిట్లో నులక మంచము మీద కూర్చోబెట్టి చెప్పేది. ఆ ఏడు యోసేపు కథ మొదలుపెట్టింది, రోజుకు కొంచెము చొప్పున. అన్నలు యోసేపును పడద్రోసిన గుంటలో ఆమె తేళ్ళను కూడా వేసింది. ఆదికాండము 37వ అధ్యాయములో ఆ గుంటలో నీళ్ళు లేవని ఉన్నది గాని తేళ్ళ మాట లేదు. వేదాంత పాఠశాలలో చదివేటప్పుడు ఎందుకైనా మంచిదని మరొకసారి వెదికాము కూడా.

ఆ వేసవిలోనే ఊరి రైసుమిల్లు వారింటికి టీవీ వచ్చింది. నలుపు తెలుపు బొమ్మ, పెట్టెకు చెక్క తలుపులు. గాలి వీచినప్పుడెల్లా ఒకడు డాబా ఎక్కి యాంటెన్నా త్రిప్పేవాడు. క్రిందనుండి "వచ్చింది, వచ్చింది... పోయింది!" అని అందరము అరిచేవారము. మా పేట పిల్లలము లోపలికి వెళ్ళేవారము కాదు, కిటికీ ఊచలు పట్టుకొని చూచేవారము. రావద్దని ఎవరూ అనలేదు, రమ్మని కూడా అనలేదు. అంతా హిందీ, ఒక్క ముక్క తెలియదు. బొమ్మ ఆగిపోయి, అంతరాయానికి చింతిస్తున్నామని హిందీ అక్షరాలు వస్తే వాటిని కూడా కన్నార్పకుండా చూచాము.

రామానంద్ సాగర్ గారి రామాయణము 1987 జనవరి 25 నుండి 1988 జూలై 31 వరకు ఆదివారము ఉదయము వచ్చేది. టీవీకి పూలదండ వేసి, అగరుబత్తి వెలిగించి కూర్చునేవారు. మా గుడి గంట కూడా ఆ వేళకే. రెండు మూడు వారాలు చూచి పాస్టరుగారు ఆరాధనను ఎనిమిదింటికి మార్చారు. పెద్దలు కొందరు గొణిగారు. మేమైనా అదే చేసి ఉండేవారము.

ఒక బుధవారము అమ్మమ్మ వాకిట్లో నీళ్ళు చల్లి, మంచము వాల్చి, "రండి నాన్నా, ఇవ్వాళ యోసేపు చెరసాలలోనుంచి బయటికొస్తాడు" అని పిలిచింది. ఆ రాత్రి చిత్రహార్. "వచ్చాక చెబుదువులే అమ్మమ్మా" అని పరుగెత్తాము. తిరిగి వచ్చేసరికి ఆమె ఇంకా కూర్చునే ఉంది. మాకు నిద్ర ముంచుకొచ్చింది. తరువాతి రాత్రులు కూడా అంతే. సెలవులు ముగిసి బస్సు ఎక్కించునప్పుడు, "యోసేపు ఇంకా చెరలోనే ఉన్నాడురా" అని నవ్వింది. క్రిస్మసుకు వచ్చి వింటామన్నాము. నవంబరులోనే అమ్మమ్మ ప్రభువునందు నిద్రించింది.

యోసేపును గూర్చి ఇప్పటికి ఎన్నో ప్రసంగాలు చేశాము. అన్నలను చూచి అతడు ఏడ్చిన చోటికి వచ్చినప్పుడు, అక్కడ అమ్మమ్మ ఏమి కలిపేదో మాకు తెలియదు.

ఆ ఇంట ప్రార్థన ముగిశాక ముసలమ్మగారి మంచము ప్రక్కకు కుర్చీ జరుపుకొని, మీ చిన్ననాటి సంగతి ఏదైనా చెప్పండమ్మా అని అడిగాము. ఆమె 1977 దివిసీమ ఉప్పెనతో మొదలుపెట్టి, రెండు గంటలు మమ్మును కదలనీయలేదు.