ట్రాక్టరు ట్రక్కునకు బ్రేకు లక్కఱలేదా?

ట్రాక్టరు కొనునపుడు మనము ఇంజను బలము నడుగుదుము, డీజిలు ఖర్చు నడుగుదుము, టైర్లను తట్టి చూతుము. దాని వెనుక కట్టెడు ట్రక్కును కొనునపుడు మాత్రము ఎన్ని బస్తాలు పట్టునని తప్ప వేఱొక ప్రశ్న వేయము. ట్రక్కునకు స్వంత బ్రేకు లుండవలెననియు, వెనుక దీపములు వెలుగవలెననియు, వాని తీగల యమరిక సరిగా నుండవలెననియు మా దృఢాభిప్రాయము.

ఎద్దుబండి వాలున దిగునపుడు ఎద్దులే వెనుకకు నిగిడి బరువు నాపుకొనును. ట్రాక్టరు సంగతి యట్లు కాదు. ట్రాక్టరు రెండు టన్నులు, బస్తాలతో నిండిన ట్రక్కు ఆఱు టన్నులు తూగిన యెడల, ట్రక్కునకు బ్రేకు లేనపుడు ట్రాక్టరు బ్రేకులే ఎనిమిది టన్నులను, అనగా దాని బరువునకు నాల్గురెట్లను, ఆపవలసివచ్చును. వేగము రెట్టింపైనచో ఆగుటకు పట్టు దూరము నాల్గురెట్లగును. కాలువగట్టు దిగుచు బ్రేకు త్రొక్కినపుడు ట్రాక్టరు నిలువజూచును, ట్రక్కు నిలువదు. వెనుకనుండి త్రోసి ట్రాక్టరును ప్రక్కకు మడచి బోర్లించును. బస్తాలపై కూర్చున్న కూలీల గతి యేమి?

అమెరికాలో మోటారుకారు వెనుక చక్రములబండిని తగిలించి, దానిపై పడవను తీసికొనిపోవువారు గలరు. అట్టి బండ్లలో కొన్నిటికి విద్యుత్తుతో పనిచేయు బ్రేకు లమర్తురు. చక్రపు డ్రమ్ములో విద్యుదయస్కాంతముండును. డ్రైవరు బ్రేకు త్రొక్కగానే కరెంటు వచ్చి, ఆ యయస్కాంతము తిరుగుచున్న డ్రమ్మును పట్టుకొని, ఒక మీటను లాగి, బ్రేకు షూలను డ్రమ్మునకు అదుమును. 12 వోల్టుల బ్యాటరీపై ఒక్కొక్క చక్రమునకు సుమారు 3 ఆంపియర్లు, నాలుగు చక్రములకు 12 ఆంపియర్లు కావలెను. తీగ సన్ననిదైనచో వోల్టులు దారిలోనే తఱిగి బ్రేకు బలహీనమగును. కరెంటు తిరిగి పోవుటకు కొక్కెమును నమ్మక ప్రత్యేకముగా తీగ వేయుదురు; ఏలయన త్రుప్పు, గ్రీజు పట్టిన కొక్కెము కరెంటును సరిగా పోనీయదు. బండి దారిలో ఊడిపోయినచో, దానిపైనున్న చిన్న బ్యాటరీ తనంతట బ్రేకు పట్టించునట్లు ఒక స్విచ్చి గూడ నుండును.

అయినను పడవను దింపుటకు బండి నీటిలో దిగవలెను గదా! ఉప్పునీరు అయస్కాంతమును, తీగల యతుకులను తినివేయును. అందుచే అచట పెక్కురు పడవబండికి నూనె యొత్తిడితో పనిచేయు బ్రేకులే మేలని యెంచుదురు. కారు నెమ్మదింపగానే వెనుకబండి త్రోపుడే ఆ బ్రేకును పట్టించును.

మనము నేర్వవలసినది విద్యుత్ బ్రేకులను కొనుమని కాదు. వెనుకబండి తన్ను తానాపుకొనవలెననియు, బ్రేకును బండి తిరుగు చోటును బట్టి యెన్నుకొనవలెననియు నేర్వవలెను. మన ట్రక్కులు దమ్ముచేలలో, బురదదారులలో తిరుగును. కావున వెనుక దీపముల తీగలను గొట్టములో నడిపించి, అతుకులను నీరు చొరకుండ మూయించి, తిరుగుతీగను వేఱుగా వేయించుడు. చేతితో మెలివేసి టేపు చుట్టిన యతుకు ఒక వర్షమునకే చెడును.

“మేము నెమ్మదిగానే పోవుదుము” అని కొంద ఱందురు. రాత్రివేళ దీపము లేక రోడ్డుపై ప్రాకెడు చెరకు ట్రక్కు వెనుకనుండి వేగముగా వచ్చువానికి గోడవంటిదే. ఆ మోటారుసైకిలువాడు మన గ్రామపు బిడ్డయే కావచ్చును. “ఖర్చు” అని మఱికొంద ఱందురు. నిజమే, చిన్న రైతున కది భారమే. కాని బోల్తాపడిన ట్రాక్టరు మరమ్మతునకగు వ్యయము దానికన్న తక్కువ కాదు. పోయిన ప్రాణమునకు వెల కట్టజాలము.

కాసు ఖర్చులేని పని యొకటి కలదు. ట్రాక్టరు కుడి యెడమ బ్రేకు పెడళ్లను పొలములో విడివిడిగా త్రొక్కుదుము. రోడ్డెక్కునపుడు ఆ రెంటిని గొళ్లెముతో కలుపుట మఱువరాదు. ఒక్కటే పడినచో బరువుతోనున్న బండి గిరగిర తిరిగిపోవును.

మా సూచన యిది: ట్రక్కునకు అప్పు మంజూరు చేయునపుడు బ్రేకులు, వెనుక దీపములు, ఎఱ్ఱని ప్రతిఫలకములు ఉన్నవో లేవో సహకార సంఘములు చూడవలెను, వాని ఖర్చును అప్పులోనే చేర్చవలెను. రాబోవు మహాజనసభలో సభ్యులు ఈ విషయమును తీర్మానమునకు తేవలెనని కోరుచున్నాము.