ఇంటర్వ్యూలో ఊహించని ప్రశ్న వస్తే ఏం చెప్పాలి?

తెలంగాణలో గ్రూప్-1, గ్రూప్-2 ఇంటర్వ్యూలు 2022లోనే రద్దయ్యాయి. కేంద్రంలో గ్రూప్-సి పోస్టులకు 2016 జనవరి 1 నుంచే లేవు. సివిల్స్‌లో మాత్రం మొత్తం 2025 మార్కుల్లో 275 ఇంటర్వ్యూవే. ర్యాంకును తారుమారు చేసే మార్కులివి.

ఎందుకు అడుగుతారు?

ఇది జనరల్ నాలెడ్జ్ పరీక్ష కాదని యూపీఎస్సీ నోటిఫికేషన్‌లోనే చెబుతుంది. చురుకుదనం, తర్కం, సమతూకం, నిజాయతీ చూస్తారు. అభ్యర్థి దరఖాస్తులో రాసిన ఊరు, చదువు, హాబీల నుంచే చాలా ప్రశ్నలు పుడతాయి.

ఉదాహరణకు?

సొంతూరు బాన్సువాడ అనుకుందాం. 'మంజీరలో నీళ్లు తక్కువ. సింగూరు నీటిని హైదరాబాద్‌కు తాగడానికి ఇస్తారా, దిగువన నిజాంసాగర్ ఆయకట్టుకు వదులుతారా?' అని అడగొచ్చు.

ఎలా చెప్పాలి?

వెంటనే ఒక పక్షం పట్టొద్దు. నిల్వ ఎంత, పంట ఏ దశలో ఉంది, నగరానికి వేరే వనరులున్నాయా అన్నవి తెలియాలని ముందు చెప్పాలి. ఆ తర్వాత నిర్ణయం, దానికి కారణం. 2002 జాతీయ జల విధానం తాగునీటికే తొలి స్థానం ఇచ్చింది. మిగిలిన నీటిని ఎండుతున్న పైరుకు తడులుగా ఇస్తామనవచ్చు. నష్టపోయేది ఎవరో కూడా ఒప్పుకోవాలి. 'మా ఊరు కాబట్టి మాకే' అంటే సమతూకం లేనట్టే. రైతును మరిచినా అంతే.

తెలియకపోతే?

'తెలియదు సార్' అనడమే మేలు. ఊహించి చెప్పిన అంకె తర్వాతి ప్రశ్నకే దొరికిపోతుంది.

మెయిన్స్ తెలుగులో రాసినవారు ఇంటర్వ్యూ కూడా తెలుగులోనే ఇవ్వొచ్చు.