వేరావల్ వెళ్ళే కళాసీని కూడా అడగాలి

సంపాదకులు గారికి,

గుజరాత్ తీరాన సముద్రంలో గాలిమరలు నాటే పథకం గురించి మన పత్రికల్లో వస్తున్నవన్నీ మెగావాట్ల లెక్కలూ టెండర్ల వార్తలూనే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకార కుటుంబాలకు ఆ పథకంతో నేరుగా సంబంధం ఉందన్న మాట నాకు ఎక్కడా కనిపించలేదు. అందుకే ఈ ఉత్తరం.

ఏటా ఆగస్టులో, పడమటి తీరంలో వేట నిషేధం తీరగానే, మా ప్రాంతం నుంచి వేల మంది గుజరాత్‌లో సౌరాష్ట్ర తీరాన ఉన్న వేరావల్‌కు రైలెక్కుతారు. అక్కడి బోట్ల మీద పనిచేసే కళాసీలుగా, బోటు నడిపే తండేళ్ళుగా ఎనిమిది తొమ్మిది నెలలు పనిచేసి ఎండాకాలంలో ఇల్లు చేరతారు. 2018 నవంబరులో పాకిస్తాన్‌కు పట్టుబడి, 2020 జనవరిలో వాఘా దాటి వచ్చిన 20 మంది వీళ్ళలోని వారే. అదే ఏడాది లాక్‌డౌన్‌లో వేరావల్ హార్బరులో చిక్కుకుపోయి, ఏప్రిల్ ఆఖరులో బస్సుల్లో ఇళ్ళకు వచ్చిందీ వీళ్ళే.

గాలిమరలకు ఎంచిన చోటు కూడా ఆ సౌరాష్ట్ర తీరంలోనే ఉంది. ఖంభాత్ సింధుశాఖ మొదట్లో, పిపావావ్ రేవుకు ఎదురుగా. గాలి వేగం కొలవడానికి 2017లోనే అక్కడ నీళ్ళలో లైడార్ పరికరం నిలబెట్టారు. 2022 నాటికి దేశం మొత్తం మీద సముద్రంలో 5 గిగావాట్లు అన్నారు. ఆ గడువుకు ఒక్క మర కూడా తిరగలేదు. 2024 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం గుజరాత్‌కు 500, తమిళనాడుకు 500 మెగావాట్ల చొప్పున లెక్కగట్టి, రెండు రేవుల మెరుగుదలతో కలిపి 7,453 కోట్ల సాయం ఆమోదించింది. ఇది ప్రజల సొమ్ము. ప్రజల్లో కళాసీ కూడా ఉన్నాడు.

ఇక అసలు విషయం. ఏయే ప్రాజెక్టులకు ముందస్తు పర్యావరణ అనుమతి కావాలో 2006 నోటిఫికేషన్ షెడ్యూలు చెబుతుంది. అందులో థర్మల్ ఉంది, జలవిద్యుత్తు ఉంది, అణువిద్యుత్తు ఉంది. గాలి విద్యుత్తు లేదు. షెడ్యూలులో లేనిదానికి బహిరంగ విచారణ జరపాలన్న నిర్బంధమూ లేదు. అనంతపురం మెట్టల మీద నిలబెట్టే మరకు ఆ మినహాయింపు సరేననుకున్నా, సముద్రం అడుగులోకి ఉక్కు స్తంభాలు దిగ్గొట్టి, ఒడ్డు దాకా కేబుళ్ళు పరిచే పనికి అదెలా సరిపోతుంది? తీర నియంత్రణ నిబంధనలు 12 నాటికల్ మైళ్ళతో ఆగిపోతాయి. మరలు అంతకన్నా లోపలికి పోతే ఆ కంచె కూడా ఉండదు. పర్యావరణ అధ్యయనం చేయాలని సముద్రపు గాలి విద్యుత్తుపై 2015లో తెచ్చిన జాతీయ విధానంలో రాశారు, నిజమే. రక్షణ, హోం, అంతరిక్షం, పెట్రోలియం, నౌకాయానం ఇలా ఎన్నో శాఖల అనుమతులూ కావాలన్నారు. ఇంతమందిని అడగమన్న పద్ధతిలో, వల వేసేవాణ్ణి కూర్చోబెట్టి అడిగి తీరాలన్న మెట్టు చట్టంలో లేదు.

ఆ నీళ్ళు ఖాళీగా లేవు. పిపావావ్ పక్కనే ఉన్న జాఫ్రాబాద్ మత్స్యకారులు ఆటుపోట్ల ఒరవడికి ఎదురుగా సంచి వలలు కట్టి బాంబే డక్ పడతారు. ఆ వేటంతా ఒరవడి మీదే ఆధారపడింది. నీళ్ళలో స్తంభాలు లేస్తే ఒరవడి ఎటు మళ్ళుతుందో ముందే లెక్కగట్టాలి. ఒక్కో కట్టడం చుట్టూ 500 మీటర్ల వరకు భద్రతా వలయం పెట్టుకోవడానికి అంతర్జాతీయ సముద్ర చట్టం ఒప్పుకుంటుంది. ఇక అడుగున కేబులు ఉన్నచోట ట్రాలర్ వల ఈడ్చడం ప్రమాదం. ఈ కారణాలతో వేట తగ్గితే, పరిహారమంటూ వచ్చినా అది బోటు యజమాని పేరునే వస్తుంది. కళాసీ పోగొట్టుకున్న సంపాదన ఏ కాగితం మీదా కనిపించదు.

నేను గాలి విద్యుత్తుకు వ్యతిరేకిని కాను. సోంపేట, కాకరాపల్లి చూసినవాళ్ళం మేము. బొగ్గు కేంద్రాలు వద్దన్నందుకు ఈ జిల్లాలో మనుషులు తూటాలకు బలయ్యారు. బొగ్గుకు బదులుగా గాలి రావాలని మాకన్నా గట్టిగా కోరుకునేవాళ్ళు ఎవరుంటారు? కానీ బహిరంగ విచారణ అనే నిబంధన ఉన్న థర్మల్ కేంద్రాల విషయంలోనే జనం మాట చెవికెక్కకపోతే ఏమైందో ఆ రెండు ఊళ్ళూ చూపించాయి. అసలు ఆ నిబంధనే లేనిచోట?

అడిగితే ఆలస్యమవుతుందంటారు. ముందు చూసుకోకపోతేనే అసలు ఆలస్యం. రాజస్థాన్, గుజరాత్‌లలో బట్టమేక పిట్ట తిరిగే నేలల మీద ముందు చూసుకోకుండా కరెంటు తీగలు లాగారు. 2021లో సుప్రీంకోర్టు ఆ పిట్ట కోసం తీగలను భూమిలోకి దించమంది. 2024లో ఆ ఆదేశాన్ని సడలించి నిపుణుల కమిటీకి అప్పగించింది. పిట్టకూ మేలు జరగలేదు, కంపెనీలకూ స్థిమితం దొరకలేదు. బయటి దేశాలు ఇలాంటివి ముందే చూసుకుంటాయి. 1991లోనే సముద్రంలో మరలు నిలిపిన డెన్మార్క్‌లో నష్టపోయే మత్స్యకారులతో పరిహారం మాట్లాడుకోవాలని చట్టమే చెబుతుంది. జర్మనీలో స్తంభం దిగ్గొట్టే చప్పుడు 750 మీటర్ల దూరంలో 160 డెసిబెల్స్ దాటకూడదు. అందుకోసం చుట్టూ నీటి బుడగల తెర కడతారు. ఖంభాత్‌లో డాల్ఫిన్లు ఉన్నాయి. మన లీజు షరతుల్లో కూడా అలాంటి అంకె ఒకటి రాయాలి. తమిళనాడు మరలకు అనుకుంటున్న మన్నార్ సింధుశాఖలోనైతే ఆవుల్లా గడ్డి మేసే డ్యుగాంగ్‌లున్నాయి, అక్కడ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి.

సముద్రపు గాలి విద్యుత్తును కేంద్రం 2006 షెడ్యూలులో చేర్చాలి. 35 ఏళ్ళ లీజు మీద సంతకం పడకముందే విచారణ జరగాలి. ఆ విచారణ అమ్రేలీ జిల్లాలో ఒక్కచోట జరిపితే చాలదు, మా జిల్లాలోని ఎచ్చెర్ల తీరంలో తెలుగులో కూడా జరపాలి. జూన్, జులైలలో వేరావల్ బోట్లు ఒడ్డునే ఉంటాయి, మనవాళ్ళు ఊళ్ళోనే ఉంటారు. 2020లో హార్బరులో ఉన్నవాళ్ళ వివరాలు సేకరించి బస్సులెక్కించిన మన రాష్ట్ర ప్రభుత్వానికి వాళ్ళెవరో, ఏ ఊరివాళ్ళో తెలుసు. మత్స్యశాఖ ఆ జాబితాను ఇప్పుడే సరిచేసి, ఈ కోరికతో కలిపి కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖకు పంపాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
శ్రీకాకుళం జిల్లా