న్యూయార్కు ముద్ర హామీ పత్రం కాదు

ఇప్పుడు పల్లెల్లో కూడా సెల్‌ఫోను మీద షేర్లు కొంటున్నారు. "ఆ కంపెనీ అమెరికా మార్కెట్టులో కూడా వుంది, ఇక భయమేమిటి?" అన్నమాట రచ్చబండ దగ్గర వినిపిస్తున్నది. విదేశీ ఎక్స్చేంజిలో చేరడం కంపెనీకి గౌరవమే. కాని అది కొన్నవాడికి హామీ పత్రం కాదు. ఈ తేడా తెలియకపోతే నష్టపోయేది చిన్న వాటాదారులే.

గుంటూరు యార్డులో మిర్చికి ఒక ధర, వరంగల్లు యార్డులో మరొక ధర వుంటే, వ్యాపారి చౌకగా వున్నచోట కొని ప్రియంగా వున్నచోట అమ్ముతాడు. దానితో రెండు ధరలూ దగ్గరపడతాయి. షేర్ల సంగతీ అంతే. మన కంపెనీ షేర్లను బ్యాంకులో వుంచి, వాటిపై ఇచ్చే రసీదులను న్యూయార్కులో అమ్ముతారు. కొనేవారు పెరుగుతారు గనుక ధరకు ఊపు వస్తుంది. అయితే దారి ఒకవైపే తెరచి వుంటే ధరలు కలవవు. 1999 మార్చిలో ఇన్ఫోసిస్ అమెరికాలోని నాస్డాక్‌లో చేరింది. ఆ రోజుల్లో రసీదును షేరుగా మార్చుకోవచ్చు గాని, ఇక్కడ కొన్న షేరును రసీదుగా మార్చే వీలు లేదు. అందుకే అక్కడి ధర చాలా ఎక్కువగా వుండేది. 2002లో రిజర్వు బ్యాంకు ఆ నిబంధనను కొంత సడలించింది.

ఆ ఊపైనా ఎంతకాలం? ఫోర్‌స్టర్, కరోలీ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో చేరిన 153 విదేశీ కంపెనీలను పరిశీలించి 1999లో ఫలితాలు ప్రకటించారు. చేరడానికి ముందు ఏడాదిలో ఆ షేర్లు మామూలు కంటే 19 శాతం అదనంగా లాభమిచ్చాయి. చేరిన తరువాతి ఏడాదిలో 14 శాతం వెనకబడ్డాయి. కబురు విని ఆలస్యంగా కొన్నవాడికి మిగిలింది తక్కువే.

ఇక మన హైదరాబాదు కంపెనీ సత్యం సంగతి చూడండి. అది 2001 మేలో న్యూయార్కు ఎక్స్చేంజిలో చేరింది. 2008 డిసెంబరు 16న మేటాస్ కంపెనీలను కొంటామని ప్రకటించేసరికి మన మార్కెట్లు మూసివేసి వున్నాయి. ఆ రాత్రే న్యూయార్కులో ధర సగానికి పైగా పడింది. మనవాళ్లు నిద్ర లేచేసరికి ఆ ప్రతిపాదన రద్దయింది, అయినా ఆ రోజు ఇక్కడ షేరు 30 శాతం కూలింది. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు లెక్కల్లో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని ఒప్పుకున్నారు. 179 రూపాయల షేరు ఒక్కరోజులో 40 రూపాయలకు దిగింది. న్యూయార్కు ముద్ర ఆ దొంగలెక్కలను ఆపలేకపోయింది.

ఆ తరువాత జరిగినది మరీ విడ్డూరం. అమెరికాలో మదుపుదారులు కలిసి వేసిన దావాలో 2011లో కంపెనీ 12.5 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నది. ఆ సొమ్ము కంపెనీ ఖజానా నుంచే గదా పోయింది! అందులో ఇక్కడి చిన్న వాటాదారుల భాగం కూడా వుంది. వారికి మాత్రం అటువంటి పరిహారం దక్కలేదు. ఒకే కంపెనీ, ఒకే మోసం, రెండు న్యాయాలు!

2013 కంపెనీల చట్టంలోని 245వ సెక్షను ఈ లోటు తీర్చడానికే వచ్చింది. 2016 నుంచి అమలులో వుంది. నూరుమంది వాటాదారులు కలిస్తే కంపెనీ లా ట్రిబ్యునలుకు వెళ్లవచ్చు. ట్రిబ్యునలు అనుమతిస్తే ఖర్చులు మదుపుదారుల రక్షణ నిధి నుంచి తిరిగి పొందవచ్చునని కూడా చట్టంలో వుంది. ఈ సంగతి పల్లెల్లో ఎందరికి తెలుసు?

2024 జనవరిలో మన కంపెనీలు గుజరాత్ గిఫ్ట్ సిటీలోని అంతర్జాతీయ ఎక్స్చేంజీలలో నేరుగా చేరడానికి కేంద్రం అనుమతించింది. సంతోషమే. కాని తలుపులు తెరిచే ముందు ఇంట్లోవారి రక్షణ చూడాలి. విదేశీ మదుపుదారుకు ఇచ్చే ప్రతి పరిహారమూ స్వదేశీ వాటాదారుకు కూడా అందేలా ప్రభుత్వం నిబంధన తేవాలి. ఆ రోజు వచ్చేవరకు, విదేశీ ముద్ర చూసి కాకుండా, కంపెనీ లెక్కలు చూసి కొనడమే మన క్షేమం.